తిరిగొచ్చే దారి: నల్గొండ వేకువ బ్యాచ్‌లో ఒక కేసు

మా వ్యాయామ బ్యాచ్‌కు వచ్చే ఆ బస్సు కండక్టరును అందరూ కండక్టరక్క అంటారు. ఈ కేసు రాస్తానని అడిగితే, "పేరు వద్దు సార్, అక్క అని రాయండి చాలు" అన్నారు. అందుకని పేరు రాయడం లేదు, ఇంటి వివరాలు ఒకటి రెండు మార్చాను. కొలతలు మార్చలేదు. నా తప్పులు కూడా మార్చలేదు. నిజానికి ఈ కేసు రాయాలనిపించింది వాటి వల్లే.

నేను నల్గొండలో 11 ఏళ్లుగా బృంద వ్యాయామం చేయిస్తున్నాను. పానగల్లు వైపు అద్దెకు తీసుకున్న చిన్న మైదానంలో పొద్దున 5:30కు మొదలవుతుంది. ముప్పై మందికి మించి తీసుకోను. సగం మంది కానిస్టేబుల్ కొలువుకు తయారయ్యే పిల్లలు; మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు, ఆడపిల్లలకు 800 మీటర్లు, కళ్లు మూసినా తెరిచినా అదే ధ్యాస. మిగతా సగం దుకాణాల వాళ్లు, టీచర్లు, గృహిణులు. ఆదివారాలు ఉదయ సముద్రం చెరువు కట్ట మీద నడక, నెలకోసారి లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కడం. ఈ రెండు రకాల మనుషులను ఒకే తాడుకు కట్టి లాగడమే నా వృత్తిలో కష్టమైన పని. ఈ కేసులో ఆ తాడు ఎక్కడ తెగిందో చెబుతాను.

వచ్చిన రోజు

అక్క 2024 ఫిబ్రవరిలో వచ్చారు. వయసు 43, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ 32 దాటింది. మనవాళ్లకు 25 దగ్గరే స్థూలకాయం మొదలైనట్టు లెక్క. ఆడవాళ్ల నడుము 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్త పడమంటారు. చేతిలో రక్తపరీక్ష కాగితం ఉంది. రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. మధుమేహం అనడానికి 6.5 ఉండాలి. అంటే ఇంకా ఇవతలి గట్టునే ఉన్నారు, కానీ నీళ్లు కాలికి తగులుతున్నాయి. వాళ్ల అమ్మకు షుగరు ముదిరి కాలి వేళ్లు తీసేశారట. "నిలబడి బతికేదాన్ని సార్, నా కాళ్లు నాకు కావాలి" అన్నారు. ఇంతకంటే బలమైన కారణంతో నా దగ్గరికి వచ్చిన వాళ్లు తక్కువ. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆమె మానేసినప్పుడు "పట్టుదల లేదు" అని నేను తేలిగ్గా తేల్చేశాను.

నిలబడి బతకడం అనేది మాటవరసకు అన్నది కాదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలయ్యాక బస్సులు కిటకిటలాడుతున్నాయి. డబ్బు తీసుకోకపోయినా ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టి ఇవ్వాలి. ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా జనంలో ఈదుకుంటూ వెళ్లి రావడం ఆమె రోజు పని. ఒక వారం తెల్లవారుజామున 4:45కు మొదటి సర్వీసు, ఇంకో వారం మధ్యాహ్నం ఎక్కి రాత్రి పదింటికి దిగే డ్యూటీ.

నల్గొండలో పనిచేసే శిక్షకుడు కొత్తవాళ్లను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు? అక్క పుట్టింది మర్రిగూడ మండలంలో, పెరిగింది బోరు నీళ్ల మీద. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రమాణం. ఆ ప్రాంతపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండిన రోజులవి. కృష్ణా నీళ్లు రాకముందు పెరిగిన వాళ్లలో మెడ, వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోవడం బద్ధకం కాదు, బరువూ కాదు. అందుకే మొదటి రోజు మూడు పనులు చేయిస్తాను: మోకాళ్లు వంచకుండా నేలను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు పక్కలకు చాచి మడిచి తల వెనక తాకించడం. అక్కకు రెండోది పూర్తిగా రాలేదు. ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బు) జాడలు లేవు, ఎడమ మోకాలిలో కొంత అరుగుదల ఉంది. కొంతకాలం గెంతే కసరత్తులు వద్దు, తొడ కండరాలకు బలం పెంచే వాటికి అడ్డు లేదు అని రాసిచ్చారు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని నేను పాటించిన తీరే బాగోలేదు.

నా 41 రోజుల దీక్ష

నేను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. మండలం రోజులు చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మామూలు రోజుల్లో ఏడింటికి లేచే వాళ్లు కూడా మాల వేసుకుంటే నాలుగింటికే లేస్తారు. ఆ ఊపును బ్యాచ్‌లోకి తేవాలని 41 రోజుల కార్యక్రమం పెట్టాను. గోడకు పెద్ద చార్టు. వచ్చిన రోజు పచ్చ గుర్తు, రాని రోజు ఎర్ర గుర్తు. ఇద్దరిద్దరు జతలు. జతలో ఒకరు రాకపోతే వాళ్ల వంతు 20 బర్పీలు (కిందికి వంగి, కాళ్లు వెనక్కి చాచి, మళ్లీ పైకి లేచే కసరత్తు) రెండో వాళ్లు చేయాలి. (బర్పీని 1930లలో రాయల్ బర్పీ అనే అమెరికన్ శరీర దారుఢ్య పరీక్ష కోసం తయారుచేశాడు, అదీ నాలుగే నాలుగు సార్లు చేయించడానికి. దాన్ని శిక్షగా మార్చింది మాలాంటి వాళ్లమే.) శుక్రవారం తబాటా: 20 సెకన్లు శక్తి కొద్దీ, 10 సెకన్లు విశ్రాంతి, ఎనిమిది సార్లు. 1996లో ఇజుమి తబాటా దీన్ని పరీక్షించింది కసరత్తు అలవాటున్న కుర్రవాళ్ల మీద, కదలని సైకిల్ మీద. మోకాలు అరిగిన 43 ఏళ్ల మనిషి చేత గెంతులతో చేయించమని ఆయన ఎక్కడా చెప్పలేదు. అక్కకు గెంతులు తీసేసి మెట్టు ఎక్కి దిగడం ఇచ్చాను, కానీ వేగం మాత్రం అందరితో సమానంగా ఉండాలన్నాను.

జత కట్టడంలో ఇంకో పొరపాటు చేశాను. 1920లలో ఓటో కోలర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త పడవ పందేల వాళ్లతో బరువులు ఎత్తించి ఒక సంగతి గమనించాడు. ఇద్దరూ కలిసి ఎత్తాల్సి వచ్చినప్పుడు బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఎక్కువసేపు ఓర్చుకుంటాడు. బృంద వ్యాయామం పనిచేసేది ఈ గుణం మీదే. అయితే ఇద్దరి బలాల మధ్య తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది; తేడా మరీ పెరిగితే బలహీనుడు చేతులెత్తేస్తాడు. నాకు మొదటి సగమే గుర్తుంది. పోలీసు కొలువుకు తయారవుతున్న 23 ఏళ్ల పిల్లతో అక్కను జత కట్టాను. పిల్లను చూసి ఉత్సాహం వస్తుందనుకున్నాను.

మొదటి 19 రోజులు వరుసగా పచ్చ గుర్తులే. అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచేవారు. ఇరవయ్యో రోజు డ్యూటీ మారింది, మొదటి సర్వీసు పడింది. మూడు ఎర్ర గుర్తులు. నాలుగో రోజు సెలవు, అయినా రాలేదు. ఆ తర్వాత ఇక రానే లేదు. వాట్సాప్ బృందంలో రోజూ సూర్యోదయం బొమ్మల మీద నాలుగు ఉత్తేజం మాటలు పెడుతూ వచ్చాను. ఆమె ఆ బృందాన్ని మూగబెట్టుకున్నారని తర్వాత తెలిసింది. నా పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా "ఆరంభశూరత్వం" అని రాసుకున్నాను. ఆ పేజీ చింపలేదు.

దేవరకొండ బస్సులో

మే నెల. నా బండి మెకానిక్ దగ్గర ఉంటే దేవరకొండ బస్సు ఎక్కాను. ఎండ మంట. టికెట్ కోసం వచ్చింది అక్కే. ముఖం కూడా చూడకుండా, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు, "ఎక్కడికి?" అన్నారు. దిగాక డ్రైవరు చాయ్ తాగడానికి వెళ్తే నేను ఆగి పలకరించాను.

"ఏమైంది అక్కా, కష్టంగా ఉందా?"

"కష్టం కాదు సార్. నేను రాకపోతే ఆ పిల్ల నా వంతు బర్పీలు చేస్తోంది. అక్కా ఫర్వాలేదు అని మెసేజ్ పెడుతుంది. మూడు రోజులు చేసింది. నాలుగో రోజు ఏ మొహం పెట్టుకుని రావాలి?"

నాకు మాట రాలేదు. బృందం మీద ప్రేమ లేని మనిషైతే ఆ 20 బర్పీలు పట్టించుకోకుండా వచ్చేసేది. ప్రేమ ఉండబట్టే ఆగిపోయింది. నేను పెట్టిన నియమం మంచివాళ్లనే ఏరి బయటికి పంపుతోంది.

ఇంకో మాట కూడా అన్నారు. "మా దగ్గర ఒక ట్రిప్పు రద్దయితే కారణం రాసి, తర్వాతి ట్రిప్పు టైముకు నడుపుతాం. మీ చార్టులో ఒక్క ఎర్ర గుర్తు పడితే 41 రోజులూ పోయినట్టే ఉంటుంది." మాలకు నియమం తప్పితే మాల తీసేయడమే. దీక్షకు ఆ కాఠిన్యం అవసరం కావచ్చు. దానికి ముగింపు తేదీ ఉంటుంది, ఇరుముడి ఉంటుంది, కొండ ఉంటుంది. షుగరు గట్టుకు ఇవతల బతకాల్సిన మనిషికి ముగింపు తేదీ ఎక్కడిది?

ఇంటికి వచ్చాక పాత కాగితాలు తీశాను. అలవాటు ఏర్పడడానికి 21 రోజులు చాలునని మా రంగంలో అందరం చెబుతుంటాం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరు: సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగ్గ దెబ్బేమీ తగల్లేదు. ఇది నేను ఎప్పుడో చదివాను. 66 అనే అంకె ఒక్కటే జ్ఞాపకం పెట్టుకుని, ఒక రోజు తప్పినా ఫర్వాలేదన్న సంగతి మరిచిపోయాను.

మార్చినవి

జూన్ మొదటి వారంలో అక్క తిరిగి వచ్చేసరికి చార్టు మారింది. రాని రోజు గడిలో ఎరుపు లేదు, కారణం ఒక్క ముక్కలో రాస్తాం: సర్వీసు, జ్వరం, పెళ్లి, నిద్ర. నిద్ర అని రాయడానికి ఎవరూ సిగ్గుపడకూడదు, నేనూ రాసుకుంటాను. బర్పీల శిక్ష ఎత్తేశాను. లెక్క వరుస రోజుల మీద కాదు, ఏ ఏడు రోజుల్లోనైనా మూడు. జతగా 38 ఏళ్ల అంగన్‌వాడీ టీచరును పెట్టాను. ఇద్దరూ మెట్టు ఎక్కడంలో ఇంచుమించు సమానం, దండాలలో టీచరు కాస్త ముందు.

అన్నిటికంటే పనిచేసింది "తిరిగి వచ్చిన రోజు" నియమం. వారం పైన విరామం తీసుకున్న ఎవరైనా మొదటి రోజు మామూలులో సగం చేస్తారు, రెండో రోజు మూడొంతుల్లో రెండు వంతులు. బస్కీలు 40 అయితే వాళ్లకు 20. దీని వెనక జాలి లేదు. విరామం తర్వాత ఒక్కసారిగా చేస్తే కండరాల నొప్పి మరుసటి రోజు మొదలై మూడో రోజు దాకా పీక్కు తింటుంది. ఆఫీసులో కూర్చునే వాళ్లు ఓర్చుకుంటారేమో. బస్సు మెట్లు రోజుకు వందసార్లు ఎక్కి దిగే మనిషికి అది నరకం. నాలుగో రోజు రాకపోవడానికి అదే సరిపోతుంది. ఫిబ్రవరిలో చేరిన కొత్తలో ఆమెకూ అలాంటి నొప్పే ఉండేదట. నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

డ్యూటీ చార్టు చేతికి రాగానే ఫొటో పంపుతారు. మొదటి సర్వీసు ఉన్న వారంలో ఇంటి దగ్గరే 12 నిమిషాలు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు దండాలు, ఐదు కిలోల బియ్యం సంచితో నడుము వంచి లాగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజుల కండరాల కసరత్తు చేయాలి. పాత సూచనల్లో ఒక్క విడత పది నిమిషాలకు తగ్గకూడదని ఉండేది; 2020లో ఆ షరతు తీసేశారు. ఈ సంగతి చెప్పినప్పుడు అక్క ముఖంలో వచ్చిన నిశ్చింత నా వాట్సాప్ సూక్తులు వేటికీ రాలేదు.

వంటిల్లు ఎవరిది

తిండి విషయంలో నా మొదటి కాగితం చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ఓట్స్, బ్రకోలీ, గ్రీన్ టీ. ఆరు రోజులు నడిచింది. ఇంట్లో వండేది అత్తగారు. కోడలికి విడిగా ఓట్స్ ఉడకబెట్టడం ఆవిడకు నచ్చలేదు, నచ్చాల్సిన అవసరమూ లేదు.

రెండోసారి మూడు రోజుల తిండి రాయించాను. పొద్దున రెండు చెంచాల చక్కెరతో చాయ్, రోజులో మొత్తం ఐదు. పదింటికి బస్టాండులో పునుగులు. రెండింటికి గిన్నెడు అన్నం, పలుచని పప్పు. సాయంత్రం మిర్చి బజ్జీ. రాత్రి డ్యూటీ దిగాక మళ్లీ అన్నం. మాంసకృత్తులు లెక్క వేస్తే 40 గ్రాములు కూడా రాలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు కిలో బరువుకు 0.83 గ్రాములు, ఆమెకు దాదాపు 65. మరో దారుణం నీళ్లు. దారిలో మూత్రశాలకు ఇబ్బందని డ్యూటీ మొత్తం మీద లీటరు కూడా తాగరు. రాత్రి అలా ఎండిపోయి పడుకుని, తెల్లారి వచ్చి కసరత్తు చేస్తే తలనొప్పి. దాన్ని "నా ఒంటికి ఇది పడదు" అని అర్థం చేసుకున్నారు. దానికి మందు మరో ఉత్తేజ ప్రసంగం కాదు. లేవగానే రెండు గ్లాసులు, ట్రిప్పు చివర ఆగే చోట ఇంకో గ్లాసు అని పెట్టుకున్నాం. పది రోజుల్లో తలనొప్పి తగ్గింది.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి అత్తగారితోనే మాట్లాడాను. "చిన్నప్పుడు మీరు ఏం తినేవాళ్లు అమ్మా?" అని అడిగితే గంటసేపు చెప్పారు. జొన్న గట్క, తైదంబలి, బొబ్బర గుగ్గిళ్లు, నువ్వుల పొడి. ఆ తర్వాత నేను చేసింది ఎంచి పెట్టడం మాత్రమే. సద్ది డబ్బాలో రెండు ఉడికిన గుడ్లు, గుప్పెడు పల్లీలు; నీసు ముట్టని శనివారం గుడ్ల బదులు బొబ్బర గుగ్గిళ్లు. మధ్యాహ్నం అన్నం సగం, పప్పు చిక్కగా, కూర రెట్టింపు, పెరుగు. రాత్రి జొన్న రొట్టె. ఇక్కడ ఒక హెచ్చరిక. జొన్న రొట్టె అయితే ఎన్నైనా తినొచ్చని మా జిల్లాలో పాతుకుపోయిన నమ్మకం. తూకానికి తూకం జొన్నలకూ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. రొట్టెలో పీచు ఎక్కువ, నమలడానికి సమయం పడుతుంది, రెండింటికే కడుపు నిండుతుంది. మేలు అక్కడుంది. నాలుగు రొట్టెలు తింటే మేలేమీ లేదు. మిర్చి బజ్జీని నిషేధించలేదు. వారానికి రెండు సార్లు, డ్రైవరుతో పంచుకుని.

బతుకమ్మ పరీక్ష

కొత్త పద్ధతి నిజంగా నిలుస్తుందా లేదా తేలింది అక్టోబరులో. దసరా రోజుల్లో అదనపు బస్సులు, వరుస డ్యూటీలు. ఇంటి దగ్గర తొమ్మిది రోజుల బతుకమ్మ, మలీద ముద్దలు, సద్దుల నాడు పులిహోర, పెరుగన్నం, సత్తుపిండి. చార్టులో 16 రోజులు వరుసగా "సర్వీసు", "పండుగ". డ్యూటీ లేని సాయంత్రాలు గంటసేపు బతుకమ్మ చుట్టూ తిరిగారు. వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ, పాటతో. నేను దాన్ని వ్యాయామం కిందే రాశాను. మా బ్యాచ్‌లో ఒకాయన "అదెలా?" అని వాదించాడు. ఒక సాయంత్రం ఆడి చూడమన్నాను.

దసరా అక్టోబరు 12న. అక్క 15న వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. సగం బస్కీలు చేశారు, చాప మడిచారు, డ్యూటీకి వెళ్లారు. 16 రోజుల ఖాళీ తర్వాత, దసరా అయిన మూడో రోజే తిరిగి రావడం ఈ కేసులో నేను చూసిన అసలు ఫలితం. కిలోలు ఆ తర్వాతి సంగతి.

కొలతలు, మిగిలిపోయినవి

2025 ఫిబ్రవరికి, ఏడాది తర్వాత: బరువు 72.5 కిలోలు. నడుము 90 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ 5.8; ఇప్పటికీ మామూలు స్థాయికి కాస్త పైనే. అర నిమిషంలో కుర్చీలోంచి లేచి కూర్చోవడం 9 నుంచి 15కు పెరిగింది. లతీఫ్ సాహెబ్ గుట్ట మొదటిసారి సగంలో ఆగారు, డిసెంబరులో దర్గా దాకా ఎక్కారు, మధ్యలో మూడు సార్లు కూర్చుని. జూన్ నుంచి హాజరు సగటున వారానికి రెండున్నర రోజులు. నెల పొడవునా నిండిన చార్టు ఒక్కటీ లేదు.

దీనికి నేను చెల్లించిన ధర కూడా రాయాలి. శిక్ష ఎత్తేసేసరికి "ఇక్కడ పట్టు సడలింది" అని కానిస్టేబుల్ పిల్లల్లో ఇద్దరు వేరే చోటికి వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టను. పరీక్ష తేదీ ఉన్న వాళ్లకు దీక్షే సరైన పద్ధతి. ఇప్పుడు వాళ్ల లాంటి వారికి మంగళ, గురువారాల్లో విడిగా పరుగు పెట్టాను. అక్కకు జతగా ఉన్న పిల్ల మాత్రం వెళ్లలేదు. చాపలు పరిచే పని ఇప్పుడు ఆమెది.

తేలని సమస్య రాత్రి డ్యూటీ వారం. పదింటికి దిగి, పదకొండుకు తిని, తెల్లారి 5:30కు రావడం మంచిది కాదు. నిద్ర చాలని రోజు వ్యాయామానికి రావద్దని నేనే చెప్పాను. ఆ వారం ఇంటి 12 నిమిషాలు కూడా సగం రోజులే జరుగుతున్నాయి. డ్యూటీకి ముందు, మధ్యాహ్నం పన్నెండింటికి చేస్తే ఎలా ఉంటుందో ఈ నెల చూస్తున్నాం. చాయ్‌లో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి వచ్చింది, అక్కడే ఆగింది. "ఆ ఒక్క చెంచా నాకు వదిలేయండి సార్" అన్నారు. వదిలేశాను.

మళ్లీ రక్తపరీక్ష మే నెలలో. ఈ వారం ఆమె గడుల్లో సోమవారం నుంచి బుధవారం దాకా "సర్వీసు" అని ఉంది.